సిగార్లపై పన్ను పెంపు ప్రతిపాదన: మన అభ్యంతరాలు ఎంతవరకు నిలుస్తాయి?

శనివారపు పొగ (టాంపా, ఫ్లోరిడా), 24 జూలై 2007

ఈ వేదికలో సిగార్ కాల్చే అలవాటున్నవారు నాకు తెలిసి అయిదారుగురు ఉన్నారు. మిగిలినవారికి ఈ విషయం అనవసరంగా తోచవచ్చు గాని, పన్ను ఎవరి మీద, ఎందుకు, ఎంత వేయాలన్న ప్రశ్న అందరికీ సంబంధించినదే కాబట్టి ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

పిల్లల ఆరోగ్య బీమా పథకాన్ని విస్తరించే బిల్లును గతవారం సెనేట్ ఆర్థిక సంఘం ఆమోదించింది. రాబోయే అయిదేళ్లకు అదనంగా కావలసిన 3,500 కోట్ల డాలర్లను పొగాకు పన్నుల నుంచి రాబట్టాలన్నది అందులోని ఏర్పాటు. సిగరెట్ పెట్టెపై ఫెడరల్ పన్ను 39 సెంట్ల నుంచి 1 డాలరుకు పెరుగుతుంది. పెద్ద సిగార్లపై ఇప్పుడున్న పన్ను తయారీదారు అమ్మకపు ధరలో 20.719 శాతం, కాని ఆ శాతం ఎంత తేలినా ఒక్కో సిగార్‌కు 4.9 సెంట్లు మించరాదన్న పరిమితి ఉంది. కొత్త బిల్లు ఆ శాతాన్ని 53.13కు పెంచి, పరిమితిని ఏకంగా 10 డాలర్లు చేసింది. అయిదు సెంట్లెక్కడ, పది డాలర్లెక్కడ!

నేను శనివారం సాయంత్రాలు వెళ్లే దుకాణం ఈబోర్ సిటీలో ఉంది. 1885లో విసెంటే మార్టినెజ్ ఈబోర్ ఇక్కడ స్థలం కొని కర్మాగారానికి పునాది వేసిన నాటి నుంచి ఈ పేట బతుకు పొగాకుతో ముడిపడింది. క్యూబా నుంచి, స్పెయిన్ నుంచి, సిసిలీ నుంచి వచ్చినవారు బల్లల ముందు వరుసగా కూర్చుని సిగార్లు చుడుతుంటే, ఎత్తయిన పీఠం మీద కూర్చున్న చదువరి ఒకరు వారికి వార్తాపత్రికలు, నవలలు బిగ్గరగా చదివి వినిపించేవారు, ఆ చదువరి జీతాన్ని కార్మికులే తలా ఇంత వేసుకుని ఇచ్చేవారు. ఇప్పుడు ఆ కర్మాగారాల్లో చాలావాటి గోడలే మిగిలాయి. మిగిలిన కాస్త వ్యాపారమూ ఈ పన్నుతో పోతుందని మా దుకాణదారు బాధ. మొన్న శనివారం ఆయన ఆరు డాలర్ల సిగార్ల పెట్టె మూతపై కాగితపు టేపు ముక్క అంటించి, దాని మీద నల్లసిరాతో "16" అని రాసి గల్లాపెట్టె పక్కన పెట్టారు. ఆ పక్కనే సెనేటర్లకు పంపవలసిన ఉత్తరాల దొంతర, దారం కట్టిన పెన్ను ఉన్నాయి. నేనూ సంతకం చేసి వచ్చాను.

చట్టబద్ధమైన ఒక వస్తువును వారానికి ఒకసారి వాడుకునే వయోజనుడిపై, అతనికి ఏ సంబంధమూ లేని పథకం ఖర్చును మోపడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

లెక్కల పంతులు (ఎడిసన్, న్యూజెర్సీ), 24 జూలై 2007

శనివారపు పొగ గారూ, నేనూ అప్పుడప్పుడు కాల్చేవాడినే, ఈ పన్ను నాకూ ఇష్టం లేదు. అయినా ఆ పెట్టె మీద 16 అని రాయడం లెక్కకు నిలవదు.

పన్ను పడేది మీరు దుకాణంలో ఇచ్చే ధర మీద కాదు, తయారీదారు లేదా దిగుమతిదారు మొదటిసారి అమ్మిన ధర మీద. ఆరు డాలర్లకు మీ చేతికి వచ్చే సిగార్ ఆ మొదటి మెట్టు దగ్గర రెండు డాలర్లు ఉందనుకుందాం. అందులో 53.13 శాతం అంటే 1 డాలరు 6 సెంట్లు. పూర్తిగా 10 డాలర్ల పన్ను పడాలంటే ఆ మొదటి ధరే 18 డాలర్ల 82 సెంట్లు ఉండాలి, అలాంటి సిగార్ దుకాణంలో యాభై డాలర్లకు తక్కువ పలకదు. నేను గాని, మీరు గాని అటువంటిది కొని ఎరుగుదుమా? 4.9 సెంట్లను 10 డాలర్లతో పోల్చి "20,000 శాతం పెంపు" అని పత్రికలు వేసిన శీర్షిక లెక్కగా తప్పు కాదు. కాని అది పరిమితి పెరిగిన తీరే గాని మన జేబుకు తగిలే దెబ్బ కాదు.

అలాగని మీ దుకాణదారు భయం ఉత్తదీ కాదు. 1 డాలరు 6 సెంట్లు మొదటి మెట్టు దగ్గరే ధరలో కలిసిపోతుంది. టోకు వ్యాపారి తన లాభాన్ని ఆ పెరిగిన ధర మీద శాతంగా వేసుకుంటాడు, చిల్లర వ్యాపారి మళ్లీ దాని మీద వేసుకుంటాడు, మా న్యూజెర్సీలోనైతే టోకు ధరపై రాష్ట్రం విధించే 30 శాతం కూడా ఆ ఉబ్బిన అంకె మీదే పడుతుంది. పన్ను మీద లాభం, లాభం మీద పన్ను. చివరకు ఆరు డాలర్ల సిగార్ ఎనిమిది చిల్లరకు చేరుతుంది. మీ ఫ్లోరిడాలో సిగార్లపై రాష్ట్ర పన్ను లేదు కాబట్టి మీకు కొంత నయం. పెట్టె మీద "8" అని రాస్తే ఉత్తరాలకు సంతకాలు రావు కాబోలు.

పసిపిల్లల వైద్యురాలు (క్లీవ్‌లాండ్, ఒహాయో), 25 జూలై 2007

నేను పొగ తాగను, ఈ పన్నును సమర్థిస్తాను. ఎందుకో చెప్పేముందు ఆ పథకం ఏమిటో చెప్పడం అవసరం, ఎందుకంటే పైన రెండు వ్యాసాల్లోనూ దాని పేరు ఖర్చు పద్దులో తప్ప కనబడలేదు.

పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌కు అర్హత పోయేటంత ఆదాయం, సొంతంగా బీమా కొనుక్కోవడానికి చాలనంత ఆదాయం, ఈ రెండింటి నడుమ ఇరుక్కున్న కుటుంబాల పిల్లల కోసం 1997లో ఈ పథకం వచ్చింది. దానికీ నాడు సిగరెట్లపై పన్ను పెంచారు. రిపబ్లికన్ సెనేటర్ ఆరిన్ హాచ్, డెమొక్రాట్ సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ కలిసి దాన్ని నెగ్గించారు. నా దగ్గరకు వచ్చే తల్లి ఒకావిడ పిల్లవాడి ఉబ్బసం మందును రోజుకు నాలుగుసార్లకు బదులు రెండుసార్లే పీల్పిస్తోంది. అడిగితే, సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి, డబ్బాలో ఇంకా ఎన్ని పీల్పులు మిగిలాయో గీతలు గీసి పెట్టుకున్న పేజీ చూపించింది. నెలాఖరు దాకా రావాలి కదండీ అంది.

లెక్కల పంతులు గారి అంకెల ప్రకారమే వారానికి ఒక సిగార్ కాల్చేవారికి ఏడాదికి సుమారు 104 డాలర్ల అదనపు ఖర్చు. "నాకు సంబంధం లేని పథకం" అని శనివారపు పొగ గారు అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలు లేనివారు బడుల కోసం ఆస్తి పన్ను కట్టడం లేదా? దానికి ఎవరూ ఉత్తరాలు రాయరు.

శనివారపు పొగ, 25 జూలై 2007

డాక్టరు గారూ, ఆ తల్లి సంగతి చదివి నొచ్చుకున్నాను. పథకం వద్దని నేను అనడం లేదు. బడుల ఉదాహరణ మీరే ఇచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. బడుల ఖర్చు ఆస్తి ఉన్న ప్రతివారూ మోస్తారు, అందుకే అది నిలకడగా నడుస్తుంది. పిల్లల ఆరోగ్యం దేశమంతటి బాధ్యత అయినప్పుడు దాన్నీ అందరి ఆదాయపు పన్ను నుంచే నడపాలి గాని, ఏటేటా తగ్గిపోతున్న పొగతాగేవారి మీద కట్టిపెట్టడమేమిటి? పన్ను పెరిగితే జనం పొగ మానేస్తారని మీ వృత్తివారే చెబుతారు. మానేస్తే రాబడి పడిపోతుంది, పిల్లల సంఖ్య మాత్రం తగ్గదు. పథకం సాగాలంటే కొత్తగా పొగ తాగేవారు పుట్టుకొస్తూ ఉండాలి. ఈ వైరుధ్యానికి బిల్లు రాసినవారి దగ్గర జవాబు లేదు.

రెండో మాట. సిగరెట్ అలవాటు వేరు, సిగార్ వేరు. మేము పొగను ఊపిరితిత్తుల్లోకి లాగము, రోజూ కాల్చము, పదహారేళ్ల కుర్రవాడు ఆరు డాలర్లు పెట్టి సిగార్ కొనడు. ఒకే గాటన కట్టి పన్ను వేయడం సరికాదు.

లంకాకు (డాలస్, టెక్సస్), 26 జూలై 2007

మా ఊరు కోనసీమ. మా తాతగారు చుట్ట లేకుండా కనబడిన రోజు నాకు గుర్తు లేదు. గోదావరి లంకల్లో వరద దిగిపోయాక మిగిలిన ఒండ్రు నేలలో పండే పొగాకును మావాళ్లు లంకాకు అనేవారు; తమిళదేశంలో తిరుచిరాపల్లి చుట్టలకు ఒకప్పుడు ఈ ఆకే వెళ్లేది. తాతగారు అరుగు మీద గోనెపట్టా పరచుకుని, ఆకు మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక నడిమి ఈనెను ఒక్క లాగుతో చివరి దాకా చీల్చేవారు. చిన్న ముక్కలు లోపల, మంచి ఆకు పైన, అరచేత్తో రెండు దొర్లింపులు, కొసన నూలుపోగుతో ఒక ముడి. అలా చుట్టినవి పదో పన్నెండో తలపాగా మడతలో పెట్టుకుని పొలం వెళ్లేవారు.

ఇది ముచ్చటకు చెప్పడం లేదు. అమెరికా చట్టం ప్రకారం పొగాకు ఆకులోనే చుట్టినది, వెయ్యింటి బరువు మూడు పౌన్లు దాటినది ఏదైనా పెద్ద సిగారే. మా తాతగారి చుట్ట, శనివారపు పొగ గారి ఆరు డాలర్ల సిగార్, గ్యాస్ స్టేషన్‌లో అర డాలరుకు దొరికే, ప్లాస్టిక్ మూతి తగిలించిన సిగార్, మూడూ ఒకే పద్దు. పైన "మేము" అని రాసినప్పుడు ఆ మేములో ఎవరున్నారు? ఖరీదైనవి కాల్చే పెద్దమనుషులను చూపించి, చవకరకం తయారుచేసే కంపెనీలు కూడా అదే పరిమితి కింద నిలబడతాయి. మీ ఉత్తరం ఎవరి కోసం పనిచేస్తుందో చూసుకోవాలి.

గోరుచుట్టు (చికాగో), 26 జూలై 2007

నేను దంతవైద్యుణ్ని. పొగను లోపలికి లాగము కాబట్టి ముప్పు లేదన్న మాటకు మాత్రమే సమాధానమిస్తాను. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా శ్రీకాకుళం ప్రాంతపు ఆడవారిలో, చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటును అడ్డపొగ అంటారు. విశాఖలో చదువుకునే రోజుల్లో ఆ అలవాటున్నవారి అంగిళ్లను చాలా చూశాను. తెల్లబారి, బిరుసెక్కి, మధ్యమధ్య ఎర్రని చుక్కలతో ఉంటాయి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. పొగ హాని చేయాలంటే ఊపిరితిత్తుల దాకా వెళ్లనక్కరలేదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో సిగార్ల మీదే ప్రత్యేకంగా ఒక నివేదిక ప్రచురించింది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల విషయంలో అది చెప్పింది ఇదే. ఒక పెద్ద సిగార్‌లో సిగరెట్ పెట్టె మొత్తానికి సరిపడా పొగాకు ఉండవచ్చని కూడా అందులో ఉంది. వారానికి ఒకటి కాల్చేవారికి ముప్పు తక్కువేనని ఒప్పుకుంటాను. లేదని మాత్రం ఒప్పుకోను.

నిర్వాహకుడు, 27 జూలై 2007

ఆరోగ్యం మీద వాదం పెరిగి రెండు వ్యాసాలు దూషణల దాకా వెళ్లినందున తొలగించాను. పన్ను గురించే రాయవలసిందిగా మనవి.

శనివారపు పొగ, 5 ఆగస్టు 2007

కొత్త సమాచారం. గోరుచుట్టు గారి మాటకు నేను తలవంచాను, ఊపిరితిత్తుల వాదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ వారం రెండు సభలూ వేర్వేరు బిల్లులు నెగ్గించాయి. ప్రతినిధుల సభ సిగార్ల పన్నును 44.63 శాతంగా పెట్టి, ఒక్కో సిగార్‌కు 1 డాలరు పరిమితి విధించింది. సెనేట్‌లో 10 డాలర్ల పరిమితి 3 డాలర్లకు దిగివచ్చింది. ఉత్తరాలు పనిచేశాయనే మా దుకాణదారు అంటున్నారు. డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్, నికరాగువాలలో చేత్తో సిగార్లు చుట్టే వేలమంది కూలీల సంగతీ వాషింగ్టన్‌లో వినిపించారట. పెట్టె మీది టేపు మాత్రం ఇంకా తీయలేదు.

లెక్కల పంతులు, 5 ఆగస్టు 2007

10 నుంచి 3కు దిగడం వల్ల మీకూ నాకూ ఒరిగింది ఏమీ లేదు. 3 డాలర్ల పరిమితి తగలాలంటే మొదటి ధర 5 డాలర్ల 65 సెంట్లు ఉండాలి. రెండు డాలర్ల సిగార్ మీద పన్ను అప్పుడూ 1 డాలరు 6 సెంట్లే, ఇప్పుడూ అంతే. దించిన పరిమితితో లాభపడింది పదిహేను డాలర్లకు పైబడినవి కాల్చేవారు. సంతకాలు ఆరు డాలర్లవారివి, ఉపశమనం ఇరవై డాలర్లవారిది.

పరిమితి ఎంత తగ్గితే పన్ను అంతగా తలకిందులవుతుంది. శాతంగా ఉన్నంతవరకు ఖరీదైన దానిపై ఎక్కువ, చవక దానిపై తక్కువ పడుతుంది. పరిమితి తగిలిన చోటి నుంచి అది తలపన్ను.

పసిపిల్లల వైద్యురాలు, 4 అక్టోబరు 2007

నిన్న అధ్యక్షుడు బుష్ బిల్లును వీటో చేశారు. సిగార్ల సంఘాలవారు పండుగ చేసుకుంటున్నారని పత్రికలో చదివాను. ఒక్క విషయం గుర్తుచేయాలి. ఆయన చెప్పిన ప్రధాన కారణం పథకం మధ్యతరగతిలోకి పాకుతోందని, ప్రభుత్వ వైద్యం వైపు దేశాన్ని నడుపుతోందని. మీ చుట్టల మీద జాలితో కాదు.

లంకాకు, 19 అక్టోబరు 2007

వీటోను తోసిపుచ్చడానికి నిన్న ప్రతినిధుల సభలో జరిగిన ఓటింగులో 273 మంది అనుకూలం, 156 మంది వ్యతిరేకం. మూడింట రెండు వంతులకు కొద్దిలో తప్పింది. ఈ బిల్లు మళ్లీ వస్తుంది, ఇంత మద్దతున్నది రాకుండా పోదు.

శనివారపు పొగ, 14 డిసెంబరు 2007

లంకాకు గారు అన్నట్టే రెండోసారి వచ్చింది, మొన్న రెండోసారి కూడా వీటో అయింది. ప్రస్తుతానికి ఊపిరి పీల్చుకున్నాం.

శనివారపు పొగ, 6 ఫిబ్రవరి 2009

ఏడాదికి పైగా మూతపడిన ఈ చర్చను మళ్లీ తెరుస్తున్నాను. కొత్త అధ్యక్షుడు ఒబామా మొన్న 4వ తేదీన సంతకం చేశారు. ఏప్రిల్ 1 నుంచి అమలు. సిగరెట్ పెట్టెపై 1 డాలరు 1 సెంటు. పెద్ద సిగార్లపై 52.75 శాతం, పరిమితి 40.26 సెంట్లు.

అవును, నలభై సెంట్లు. పది డాలర్ల దగ్గర మొదలైన బేరం అక్కడికి వచ్చి ఆగింది. అంతేకాదు, ఏప్రిల్ 1 నాటికి దుకాణాల్లో నిలువ ఉన్న సరుకుపై వేసే ప్రత్యేక పన్ను నుంచి కూడా పెద్ద సిగార్లను మినహాయించారు. మా దుకాణంలో ఈ శనివారం అందరికీ కాఫీ ఉచితం.

లెక్కల పంతులు, 6 ఫిబ్రవరి 2009

అభినందనలు. కాఫీ తాగే ముందు ఈ లెక్క కూడా చూడండి. 40.26 సెంట్లను 52.75 శాతంతో భాగిస్తే 76 సెంట్లు. అంటే మొదటి ధర 76 సెంట్లు దాటిన ప్రతి సిగార్‌కూ ఒకటే పన్ను. రెండు డాలర్లదానికీ నలభై సెంట్లే, ఇరవై డాలర్లదానికీ నలభై సెంట్లే. గ్యాస్ స్టేషన్‌లో దొరికే చవకరకం మాత్రమే పూర్తి శాతం కడుతుంది.

మరి బరువంతా ఎవరి మీద పడిందో చూడండి. వెయ్యింటి బరువు మూడు పౌన్లు మించని చిన్న సిగార్లపై పన్ను వెయ్యికి 1 డాలరు 83 సెంట్ల నుంచి 50 డాలర్ల 33 సెంట్లకు పెరిగింది, అంటే సిగరెట్లతో సమానం. సొంతంగా సిగరెట్లు చుట్టుకునేవారి పొగాకుపై పౌనుకు 1 డాలరు 10 సెంట్లు ఉన్నది 24 డాలర్ల 78 సెంట్లు అయింది, ఇరవైరెండు రెట్లకు పైగా. గొట్టంలో కాల్చే పైపు పొగాకుపై మాత్రం పౌనుకు 2 డాలర్ల 83 సెంట్లు. ఒకే ఆకు, రెండు సంచులు, ఇరవైరెండు డాలర్ల తేడా. ఇది ఎక్కడికి దారితీస్తుందో ఊహించడానికి పంతులు అక్కరలేదు.

చేతివాటం (స్టిల్‌వాటర్, ఓక్లహోమా), 12 ఏప్రిల్ 2009

ఇంతకాలం చదువుతూ ఉన్నానే గాని రాయలేదు. నేను పరిశోధక విద్యార్థిని, నెలకు వచ్చే భృతిలో అద్దె పోగా మిగిలేది మీకు తెలిసిందే. సిగరెట్ పెట్టెలు కొనలేక సంచి పొగాకు, కాగితాలు కొని చుట్టుకునేవాణ్ని. గత నెల దాకా నేను కొన్న పౌను డబ్బా ధర ఈ నెల రెట్టింపు దాటింది. ఎందుకని అడిగితే దుకాణంలో అమ్మాయి గోడకు అంటించిన కాగితం చూపించింది.

ఈ చర్చను మొదటి నుంచి మళ్లీ చదివాను. ఒక్కో సిగార్‌కు ఎన్ని సెంట్లు పడుతుందన్న వాదం దశాంశ స్థానాల దాకా సాగింది. కాగితంలో చుట్టుకునేవారి సంగతి లెక్కల పంతులు గారు ఫిబ్రవరిలో ఒక్కసారి ఎత్తారు, అంతే. మా కోసం ఏ గల్లాపెట్టె పక్కనా ఉత్తరాలు లేవు, దారం కట్టిన పెన్నూ లేదు.

లెక్కల పంతులు, 12 ఏప్రిల్ 2009

చేతివాటం గారూ, మీ బాధ న్యాయమైనదే, అయితే ఆ 24 డాలర్ల 78 సెంట్లు గాలిలోంచి పుట్టిన అంకె కాదు. ఒక పౌను పొగాకుతో సుమారు 492 సిగరెట్లు అవుతాయని లెక్కగట్టి, ఒక్కోదానికి పెట్టె సిగరెట్‌పై పడేంత పన్నే వేశారు. సిగరెట్‌కు సిగరెట్ సమానమన్న సూత్రం అది. సూత్రంలో తప్పు లేదు. ఆ సూత్రాన్ని మీకు వర్తింపజేసి, పైపు పొగాకుకూ పెద్ద సిగార్లకూ వర్తింపజేయకపోవడంలో ఉంది తప్పు.

పసిపిల్లల వైద్యురాలు, 13 ఏప్రిల్ 2009

చేతివాటం గారికి మానేయడానికి ఇదే అదను అని చెప్పడం నా వృత్తిధర్మం, కోప్పడకండి. మా దగ్గర పోయిన వారం అదే కారణంతో మానేస్తామన్న తండ్రులు ఇద్దరు వచ్చారు. పిల్లలు పథకంలో చేరారు. నేను కోరుకున్నది ఇదే.

రాత్రి డ్యూటీ (మేకన్, జార్జియా), 8 నవంబరు 2009

నేను గ్యాస్ స్టేషన్‌లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా గల్లా దగ్గర నిలబడతాను, కాబట్టి చట్టం సంగతి కాదు, నా వెనక అరలో ఏం మారిందో చెప్పగలను.

సిగరెట్‌లాగే కనబడే, ఫిల్టరు ఉన్న గోధుమరంగు చిన్న సిగార్ల పెట్టెలు మా దగ్గర మొదటి నుంచీ ఉన్నాయి. వేసవిలో వాటి మీద "చిన్న" అన్న మాట పోయింది. పెట్టె అదే, రంగు అదే, ఇరవై కడ్డీలే, కాని ధర మళ్లీ దిగింది. లెక్కల పంతులు గారి ఫిబ్రవరి వ్యాసం గుర్తుకు వచ్చింది. ఏప్రిల్‌కు ముందటి పెట్టె ఒకటి అర వెనక పడిపోయి మిగిలింది. రెండింటినీ ఇంటికి తీసుకెళ్లి, మా ఆవిడ కేకుల పిండి తూచే వంటింటి త్రాసు మీద పెట్టాను. పాత ఇరవై కడ్డీలు 24 గ్రాములు. కొత్తవి 29. వెయ్యికి మూడు పౌన్లంటే ఇరవైకి 27 గ్రాముల చిల్లర అవుతుంది. కడ్డీకి పావు గ్రాము బరువు కలిపితే చిన్న సిగార్ పెద్ద సిగార్ అయిపోయింది! వెయ్యికి 50 డాలర్లు కట్టేది పోయి, చవక ధరలో సగం కడుతున్నారు. మా ఆవిడ ఆ త్రాసును సబ్బు పెట్టి రెండుసార్లు కడిగింది.

సంచి పొగాకు కూడా అంతే. బొమ్మ అదే, కోత అదే, వాసన అదే, మూల మీద "పైపు పొగాకు" అని అచ్చు పడింది. కొనేవారిలో పైపు కాల్చేవాణ్ని నేను ఒక్కణ్నీ చూడలేదు, దానితోపాటు కాగితాలు అడుగుతారు. సెప్టెంబరు నుంచి పండ్ల వాసన సిగరెట్లు నిషేధం కదా, ఆ వాసనలన్నీ ఇప్పుడు ఈ "సిగార్ల"లోకి వచ్చాయి. పదహారేళ్ల కుర్రవాడు సిగార్ కొనడని శనివారపు పొగ గారు ఎప్పుడో రాశారు. వయసు కార్డు అడిగితే జేబులు తడుముకుంటూ వెనక్కి వెళ్లిపోయేవారు రాత్రికి ముగ్గురు తగులుతారు.

లంకాకు, 9 నవంబరు 2009

ఈ విద్య మనవారికి కొత్త కాదు. ఇండియాలో సిగరెట్లపై ఎక్సైజు సుంకం పొడవును బట్టి ఉండేసరికి, కంపెనీలు ఆ మిల్లీమీటర్ల మెట్లకు సరిగ్గా ఒదిగే సిగరెట్లు తయారుచేయడం నేర్చుకున్నాయి. బీడీపై మొదటి నుంచీ నామమాత్రపు సుంకమే. అక్కడ కొలబద్ద, ఇక్కడ త్రాసు.

లెక్కల పంతులు, 6 మే 2012

చర్చ చల్లారి రెండేళ్లు దాటినా ఈ సమాచారం ఇక్కడే ఉండాలనిపించింది. కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ ఖర్చులను పరిశీలించే కార్యాలయం గత నెలలో నివేదిక ఇచ్చింది. 2009 జనవరిలో నెలకు సుమారు 2,40,000 పౌన్లు అమ్ముడైన పైపు పొగాకు 2011 సెప్టెంబరుకు 30 లక్షల పౌన్లు దాటింది. పెద్ద సిగార్లు నెలకు 41 కోట్ల నుంచి 100 కోట్లకు పైగా పెరిగాయి. చిన్న సిగార్లు 43 కోట్ల నుంచి 6 కోట్లకు పడిపోయాయి. దేశంలో ఇంతమంది హఠాత్తుగా పైపు పట్టారని ఎవరూ నమ్మరు. ఈ మార్పిడి వల్ల 2009 ఏప్రిల్ నుంచి 2011 సెప్టెంబరు దాకా ఖజానాకు వచ్చిన నష్టం 61.5 కోట్ల నుంచి 110 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా వేశారు.

రాత్రి డ్యూటీ గారు వంటింటి త్రాసుతో రెండున్నరేళ్ల కిందటే పట్టుకున్న విషయం ఇది. డాక్టరు గారు ఏ పిల్లల కోసం వాదించారో ఆ పిల్లల సొమ్మే పోయింది. మన ఉత్తరాలు దించిన పరిమితి, శాతానికీ బరువుకూ మధ్య వదిలిన సందు, ఇవి రెండూ కలిసి చేసిన పని.

శనివారపు పొగ, 7 మే 2012

పంతులు గారూ, మొదటి ఉత్తరం మీద సంతకం చేసినవాణ్ని కాబట్టి జవాబు నేనే ఇవ్వాలి. పన్ను కారణంగా నా ఆరు డాలర్ల సిగార్ ఆరు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లు అయింది, దుకాణం మూతపడలేదు. మేము చూపించిన భయం మా అనుభవంలో నిజం కాలేదు. విడివిడిగా చుట్టుకునేవారికీ, పిల్లల పథకానికీ ఏం జరిగిందో మేము చూడలేదన్నది కూడా నిజమే. అయినా పథకం ఖర్చును పొగ మీద ఆధారపెట్టడం తప్పన్న నా మొదటి అభ్యంతరాన్ని మాత్రం ఇప్పటికీ వదులుకోను. పై నివేదికలోని అంకెలు దానికి బలమే ఇస్తున్నాయి.

చేతివాటం, 7 మే 2012

నాకిప్పుడు ఉద్యోగం వచ్చింది, పొగ మానేసి ఏడాదిన్నర అయింది. అయినా అడుగుతున్నాను. పైపు పొగాకుకూ సంచి పొగాకుకూ ఒకే పన్ను ఉండాలని, పెద్ద సిగార్లకు ఒక కనీస పన్ను పెట్టాలని ఉత్తరం రాస్తే ఈ వేదికలో ఎవరెవరు సంతకం చేస్తారు?

శనివారపు పొగ, 13 మే 2012

నేను చేస్తాను. నిన్న సాయంత్రం మా దుకాణదారును కూడా అడిగాను, అలాంటి ఉత్తరాలు కొన్ని గల్లాపెట్టె పక్కన పెడతారా అని. ఆ పాత పెట్టె ఇంకా అక్కడే ఉంది, మూత మీద టేపు పసుపెక్కినా 16 చెరగలేదు, లోపల అగ్గిపెట్టెలు వేసి ఉంచారు. ఆయన కాసేపు ఆలోచించి, ఆ సరుకు కొనేవాళ్లు మా దుకాణానికి రారు కదా అన్నారు.